ఉల్లిపాయ మానక్కర్లేదు, ఆ క్యాప్సూల్స్ మాత్రం ఆపించండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒకటి అడిగినట్టున్నా అందులో మూడున్నాయి. మీకు ఐదో నెల. మీ తోడికోడలి పాపకి ఏడో నెలలో ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, బయటపడింది. ఉల్లిపాయ, టీ, సోయా, యాపిల్ లాంటివాటిలో ఉండే ఫ్లేవనాయిడ్లు అనే మొక్కల పదార్థాలు కడుపులో బిడ్డ డీఎన్ఏని తెంపుతాయని ఎక్కడో చదివి, నెల రోజులుగా మీరు అవన్నీ మానేశారు. ఇంకోపక్క మీ మామగారికి మైలోమా, అదీ ఒక రకం రక్త క్యాన్సరే. దానికి బోర్టెజోమిబ్ అనే మందు ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. మీ ఆడపడుచు ఆయనకి గ్రీన్ టీ క్యాప్సూల్స్, పసుపు క్యాప్సూల్స్ తెప్పించి ఇస్తోంది, "మొక్కలోంచి తీసిందే కదా, మంచే చేస్తుంది" అంటూ. ఒకే రకం పదార్థం ఒకరికి విషం, ఇంకొకరికి మందు ఎలా అవుతుందని మీ సందేహం.

నేను డాక్టర్ని కాదు. రక్త క్యాన్సర్ వార్డులో క్లినికల్ ఫార్మసిస్టుగా 19 ఏళ్లుగా పనిచేస్తున్నాను. రోగికి రాసిన మందులు ఒకదానితో ఒకటి గొడవ పడతాయా, తినే తిండితో పడతాయా అని చూడటమే నా రోజువారీ పని. ముందు జవాబు చెప్పేస్తాను, ఆ తర్వాత కారణాలు. మీరు ఉల్లిపాయలు, పళ్లు, కూరలు హాయిగా తినండి. మీ మామగారి క్యాప్సూల్స్ మాత్రం ఈరోజే ఆపించి, వాటి సంగతి ఆయన డాక్టరుకి చెప్పండి. మీ భయం వంటింటి మీద పెట్టుకున్నారు, పెట్టాల్సింది మందుల డబ్బా మీద.

మీరు చదివింది పుకారు కాదు, అది కూడా చెప్పాలి. దాని వెనక నిజమైన సైన్సే ఉంది, కాకపోతే సగంలో ఆపేసి చెప్పారు.

మన కణంలో డీఎన్ఏ దారం చాలా పొడవు. కణం రెండుగా చీలే ముందు ఆ దారాన్ని విప్పి నకలు తీయాలి. విప్పుతుంటే మెలికలు పడతాయి, చిక్కు పడుతుంది. చిక్కుపడ్డ దారాన్ని మనమైతే ఏం చేస్తాం? ఓపిక ఉన్నంతసేపు వేళ్లతో లాగుతాం, కుదరకపోతే ఒకచోట కత్తిరించి, రెండో పోగుని ఆ సందులోంచి దాటించి, మళ్లీ ముడేస్తాం. కణంలో సరిగ్గా ఈ పని చేసే ఎంజైమ్ ఒకటుంది, టోపోఐసోమరేజ్-2. అది డీఎన్ఏ రెండు పోగుల్నీ తెంపుతుంది, పక్క పోగుని దాటిస్తుంది, మళ్లీ అతికిస్తుంది. రోజంతా అదే పని. తెంపాక అతికించకుండా దాన్ని ఎవరైనా పట్టుకుని ఆపితేనే ప్రమాదం. తెగిన కొసలు అలాగే ఉండిపోతాయి. ఒక్కోసారి ఆ కొస వెళ్లి వేరే క్రోమోజోమ్ కొసకి అతుక్కుంటుంది.

అలా ఆపే మందు ఒకటి మా వార్డులో వాడుతూనే ఉంటాం, పేరు ఎటోపొసైడ్. మే యాపిల్ అనే మొక్క వేరులో దొరికే పోడోఫిల్లోటాక్సిన్ నుంచి తయారైంది. క్యాన్సర్ కణాల్లో డీఎన్ఏ తెగిపోయి అవి చచ్చిపోవాలన్నదే ఉద్దేశం. చాలామందిలో ఆ పని చక్కగా జరుగుతుంది. కానీ అరుదుగా, ఒక క్యాన్సర్‌కి ఈ మందు తీసుకున్నవాళ్లలో ఒకటి నుంచి మూడేళ్లలోపు కొత్తగా ల్యుకేమియా రావడం డాక్టర్లు గమనించారు. వాళ్ల కణాల్లో చూస్తే 11వ క్రోమోజోమ్‌లోని ఎంఎల్ఎల్ అనే జన్యువు తెగి, తప్పుడు చోట అతుక్కుని ఉండేది. ల్యుకేమియాలో లింఫోబ్లాస్టిక్, మైలాయిడ్ అని ముఖ్యంగా రెండు రకాలు. ఏడాది లోపు పసిపిల్లలకొచ్చే లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాలోనూ నాలుగింట మూడొంతుల మందిలో ఇదే జన్యువు దెబ్బతిని ఉంటుంది. ఇప్పుడు దాన్ని కేఎంటీ2ఏ అని రాస్తున్నారు, మీ తోడికోడలి రిపోర్టులో ఆ పేరు కనిపిస్తే కంగారు పడకండి, రెండూ ఒకటే.

ఇక్కడే పరిశోధకులకి అనుమానం వచ్చింది. పసిబిడ్డ కీమోథెరపీ తీసుకోలేదు కదా, మరి ఆ జన్యువు ఎలా తెగింది? అది గర్భంలోనే తెగుతుందని కవల పిల్లల వల్ల తెలిసింది. ఒకే మాయ పంచుకున్న కవలల్లో ఒకరికి ఈ రకం ల్యుకేమియా వస్తే రెండోవాళ్లకీ దాదాపు ఖాయంగా వస్తుంది. జన్యువులు ఒకటే కావడం వల్ల కాదు, ఒకరిలో పుట్టిన చెడ్డ కణం మాయలోంచి రెండోవాళ్ల రక్తంలోకి పోవడం వల్ల. అయితే తల్లి తిన్నదానిలో ఎటోపొసైడ్ లాగా పనిచేసేది ఏమైనా ఉందా? ఉంది. ఉల్లిపాయలోని క్వెర్సెటిన్, సోయాలోని జెనిస్టీన్ లాంటి ఫ్లేవనాయిడ్లు కూడా టోపోఐసోమరేజ్-2ని అడ్డుకుంటాయి. 2000 సంవత్సరంలో చికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు కణాల మీద ఈ ఫ్లేవనాయిడ్లు పోసి చూస్తే, ఎంఎల్ఎల్ జన్యువు సరిగ్గా ఎటోపొసైడ్ తెంపే చోటే తెగింది. మీరు చదివిన వార్తకి మూలం బహుశా ఇదే.

అదే పరిశోధనలో ఇంకో మాట కూడా ఉంది, వార్తలు రాసేవాళ్లు సాధారణంగా వదిలేసేది. ఫ్లేవనాయిడ్‌ని కడిగేస్తే తెగిన డీఎన్ఏ మళ్లీ అతుక్కుంది. ఇంక పోసిన మోతాదు సంగతి. గాజు పాత్రలో కణాల మీద పోసే గాఢత మామూలుగా పదుల మైక్రోమోలార్లలో (గాఢతని కొలిచే లెక్క అది) ఉంటుంది. ఉల్లిపాయలు కడుపునిండా తిన్నవాళ్ల రక్తంలో క్వెర్సెటిన్ కొలిస్తే ఒక మైక్రోమోలార్ దాటడం కష్టం. అది కూడా అసలు రూపంలో ఉండదు. పేగు గోడ, కాలేయం కలిసి దానికి తోకలు తగిలించి, మూత్రంలో పోయేలా చేసేస్తాయి. వాన చినుకుకి, చెరువు గట్టు తెగడానికి ఉన్న తేడా అది. రెండూ నీళ్లే.

సరే, గాజు పాత్ర వదిలేసి మనుషుల్ని చూద్దాం. అమెరికాలో పిల్లల క్యాన్సర్ పరిశోధకులు 1990లలో ఒక చిన్న అధ్యయనం చేశారు. ఈ రకం పదార్థాలు ఎక్కువున్న తిండి తిన్న తల్లుల పిల్లల్లో మైలాయిడ్ రకం ల్యుకేమియా ఎక్కువగా ఉన్నట్టు అందులో కనిపించింది. అందరూ ఉలిక్కిపడ్డారు. 2005లో ఇంకా పెద్ద అధ్యయనం వచ్చింది. ల్యుకేమియా వచ్చిన పసిపిల్లల తల్లులు 240 మంది, ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లులు 255 మంది. మొత్తం మీద చూస్తే ఆ పదార్థాలకీ ల్యుకేమియాకీ చెప్పుకోదగ్గ సంబంధం కనపడలేదు. పైగా కూరలు, పళ్లు ఎక్కువ తిన్న తల్లుల పిల్లల్లో ల్యుకేమియా తక్కువగా కనిపించింది! ఒక చిన్న గుంపులో, అంటే ఎంఎల్ఎల్ దెబ్బతిన్న మైలాయిడ్ ల్యుకేమియా పిల్లల్లో మాత్రం, ఆ పదార్థాలు పెరిగేకొద్దీ ప్రమాదం పెరిగే పోకడ కనిపించింది. కానీ గణాంకాల పరీక్షకి అది నిలబడలేదు. పైగా ఇలాంటి అధ్యయనాల్లో తల్లిని "గర్భంతో ఉన్నప్పుడు వారానికి ఎన్నిసార్లు టీ తాగావు" అని ఏళ్ల తర్వాత అడుగుతారు. బిడ్డకి క్యాన్సర్ వచ్చిన తల్లి ప్రతి ముద్దా గుర్తు తెచ్చుకుని తనని తాను తవ్వుకుంటూ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ తల్లికి అసలు గుర్తే ఉండదు. ఈ తేడా లెక్కల్ని ఎంతైనా వంచగలదు.

మీరు అడగకపోయినా ఎలుకల సంగతి కూడా చెప్పాలి, రేపు అదీ మీ కంట పడుతుంది కాబట్టి. డీఎన్ఏని బాగుచేసుకునే శక్తి పుట్టుకతోనే లోపించిన ఎలుకలకి, గర్భంతో ఉండగా క్వెర్సెటిన్, జెనిస్టీన్ సప్లిమెంట్లుగా కలిపిన మేత పెడితే, పిల్లల్లో ఎంఎల్ఎల్ తెగడం, క్యాన్సర్లు పెరిగాయి. నేను దీన్ని కొట్టిపారేయను. అందుకే గర్భిణులకి ఒక మాట గట్టిగా చెబుతాను: ఉల్లిపాయ తినండి, క్వెర్సెటిన్ క్యాప్సూల్ మింగకండి. 100 గ్రాముల ఉల్లిపాయలో క్వెర్సెటిన్ సుమారు 20 నుంచి 40 మిల్లీగ్రాములు. అంగట్లో దొరికే ఒక్క క్యాప్సూల్‌లో 500 మిల్లీగ్రాములుండటం మామూలే. అది నెమ్మదిగా నమిలి, పీచుతో కలిసి దిగేదీ కాదు, ఒక్కసారిగా దిగుతుంది. ఐదో నెలలో ఇలాంటివాటితో ప్రయోగాలెందుకు? సోయా ఐసోఫ్లేవోన్ మాత్రలు, గ్రీన్ టీ సారం, "యాంటీఆక్సిడెంట్ కాంప్లెక్స్" అని రాసిన డబ్బాలు, విటమిన్ ఎ పెద్ద మోతాదు మాత్రలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. విటమిన్ ఎ ఎక్కువైతే ల్యుకేమియా సంగతి అటుంచి, బిడ్డ అవయవాలు ఏర్పడటంలోనే తేడా వస్తుంది.

ఫోలిక్ యాసిడ్ మాత్ర మాత్రం ఆపొద్దు. "అన్నీ మానేశాను" అన్నారు, అందులో ఇది కూడా ఉందేమోనని నా గుండె గుభేలుమంది. దీని కథ కొంచెం చెప్పుకోవాలి, మీ అసలు ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలీదు.

1941లో అమెరికాలో పరిశోధకులు నాలుగు టన్నుల పాలకూర నుంచి పిసరంత పదార్థం వేరుచేశారు. లాటిన్‌లో ఆకుని ఫోలియం అంటారు, అందుకే దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. కొత్త కణం పుట్టాలంటే డీఎన్ఏ తయారవ్వాలి, దానికి ఇది కావాలి. రక్తహీనతలో బాగా పనిచేసింది కాబట్టి రక్త క్యాన్సర్‌లోనూ మేలు చేస్తుందేమోనని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ కుటుంబానికి చెందిన పదార్థాలు ఇచ్చి చూశారు. ల్యుకేమియా తగ్గకపోగా, వేగం పుంజుకున్నట్టు ఆయనకి అనిపించింది. అక్కడ ఆయన ఆలోచన తిరగబడింది. ఇది ఇస్తే జబ్బు పెరుగుతుంటే, దీన్ని అడ్డుకుంటే? అడ్డుకునే మందు తయారుచేసి ఇచ్చింది లెడర్లీ ప్రయోగశాలలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. అమినోప్టెరిన్ అనే ఆ మందుని 16 మంది పిల్లలకిచ్చి చూస్తే 10 మందిలో జబ్బు వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించారు. ఆ ఉపశమనం ఎక్కువకాలం నిలవలేదు, కానీ పిల్లల ల్యుకేమియా మందుకి లొంగుతుందని ప్రపంచం చూడటం అదే మొదలు. రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు గారు పోయారు. అదే బృందం చేసిన మెథోట్రెక్సేట్ ఈరోజుకీ మా వార్డు ఫ్రిజ్ పక్క అరలో ఉంటుంది. మీ తోడికోడలి పాపకి కూడా ఇస్తూ ఉండొచ్చు.

చూశారా, ఒకే ఆకు పదార్థం. గర్భంతో ఉన్న మీకు రోజుకి 400 మైక్రోగ్రాములు కావాలి, గర్భం తొలి వారాల్లో ఇది చాలకపోతే బిడ్డ వెన్నెముకకి ముప్పు. ల్యుకేమియా కణం చేతికి చిక్కితే దానికీ అదే ఆహారం. అందుకే మెథోట్రెక్సేట్ తీసుకునే రోగి డాక్టర్ని అడక్కుండా ఫోలిక్ యాసిడ్ మింగకూడదు. మీరు తీసుకున్నందువల్ల బిడ్డకి ల్యుకేమియా వస్తుందా అంటే, లేదు. చాలా దేశాల అధ్యయనాలు కలిపి చూసిన 2014 విశ్లేషణలో, ఫోలిక్ యాసిడ్ తీసుకున్న తల్లుల పిల్లల్లో లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా కాస్త తక్కువగానే ఉంది.

"మొక్కలోంచి వచ్చిందే కదా" అన్న మాటకి నా దగ్గర ఇంకో జవాబుంది. మేం మందులు కలిపే గదిలో విన్‌క్రిస్టీన్ అనే ల్యుకేమియా మందు కలిపే రోజు ఎవరూ కబుర్లు చెప్పుకోరు. బిళ్ల గన్నేరు మొక్కలోంచి వచ్చిన మందది, 1963 నుంచి వాడకంలో ఉంది. ఒక డోసు రెండు మిల్లీగ్రాములు దాటనివ్వం. రంగు లేని ఆ నీళ్లని సిరంజిలో పెట్టం, కావాలనే చిన్న సెలైన్ సంచీలో కలుపుతాం. సంచీ మీద చీటీ అంటిస్తాం: "సిరలోకి మాత్రమే. వేరే మార్గంలో ఇస్తే ప్రాణాంతకం." ఎందుకంటే పిల్లలకి వెన్నులోకి ఎక్కించే మెథోట్రెక్సేట్ సిరంజిలో ఉంటుంది. పొరపాటున ఇది అక్కడికి వెళ్తే దాదాపు ఎవరూ బతకరు. చీటీ ఇద్దరం చదువుతాం, ఇద్దరం సంతకం పెడతాం. ఎన్నో వేలమంది పిల్లల్ని బతికించిన మొక్క ఇది. దీన్ని సహజమైనది అనాలా, విషం అనాలా అని ఆలోచించే తీరిక ఆ గదిలో ఉండదు. ఎంత, ఎటువైపు, ఎవరికి అన్నదే చూస్తాం.

ఇక మీ మామగారి విషయం. నాకు నిజంగా ఆత్రంగా ఉన్నది ఇక్కడే.

గ్రీన్ టీలో ముఖ్యమైన పదార్థం ఈజీసీజీ. బోర్టెజోమిబ్ అణువులో బోరాన్ ఉన్న ఒక కొస ఉంటుంది, ఆ మందు పనిచేసేది ఆ కొసతోనే. ఈజీసీజీ వెళ్లి సరిగ్గా ఆ కొసని పట్టుకుంటుంది. 2009లో కణాల మీద, ఎలుకల మీద చేసిన పరిశోధనలో గ్రీన్ టీ పదార్థం బోర్టెజోమిబ్ పని పూర్తిగా ఆపేసింది. చేసినవాళ్లు నిజానికి రెండూ కలిస్తే ఇంకా బాగా పనిచేస్తాయేమో చూద్దామని మొదలుపెట్టారు, ఫలితం తిరగబడింది. మనుషుల్లో ఇంత కచ్చితంగా కొలిచి చూసే ప్రయోగం చేయడం నైతికంగా కుదరదు కాబట్టి, మేం ఎదురుచూడకుండా ఆపేయమంటాం. క్యాప్సూల్స్ అస్సలు వద్దు. ఆ ఇంజెక్షన్లు నడిచినన్నాళ్లు కప్పులో తాగే గ్రీన్ టీ కూడా మానేయడమే మంచిదని నేను చెబుతాను. కొన్నాళ్లు ఒక కప్పు తగ్గితే పోయేదేమీ లేదు.

మందుతో గొడవ ఒకటే కాదు, కాలేయం కూడా ఉంది. సప్లిమెంట్లుగా రోజుకి 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ తీసుకున్నవాళ్లలో కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది.

పసుపు క్యాప్సూల్స్ డబ్బా వెనక చూడండి, చిన్న అక్షరాల్లో "పైపరిన్" అని ఉంటుంది, మిరియాల్లోది. మామూలు పసుపు పొడిలో కర్‌క్యుమిన్ సుమారు 3 శాతం, అందులోనూ రక్తంలోకి చేరేది అతి కొంచెం. అందుకే పైపరిన్ కలుపుతారు. దానితో కర్‌క్యుమిన్ 20 రెట్లు ఎక్కువగా రక్తంలోకి చేరుతుందని 1998లోనే చూపించారు. ఆ పైపరిన్ కర్‌క్యుమిన్ ఒక్కదానికే తలుపు తీయదు, మందుల్ని విరిచే ఎంజైముల్ని కూడా కాస్త మొద్దుబారుస్తుంది. ఇలాంటి క్యాప్సూల్స్‌తో కాలేయం దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు, వైద్య పత్రికల్లో నమోదయ్యారు. వంటలో వేసే చిటికెడు పసుపుకి వీటిలో ఏదీ వర్తించదు, దాన్ని వదిలేయండి.

ఇదే వరసలో గ్రేప్‌ఫ్రూట్ రసం కూడా ఉంది. ఇబ్రుటినిబ్, వెనెటోక్లాక్స్ లాంటి రక్త క్యాన్సర్ మాత్రలు వేసుకునేవాళ్లు తాగితే రక్తంలో మందు మోతాదు మించిపోతుంది. దిగులు తగ్గడానికి వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఇమాటినిబ్ అనే ఇంకో ల్యుకేమియా మందు మోతాదుని రక్తంలో సుమారు 30 శాతం తగ్గించేస్తుంది. బోర్టెజోమిబ్‌తో కూడా ఆ మూలిక వద్దు.

మా దగ్గర జరిగింది ఒకటి చెబుతాను. పెద్దాయన, మైలోమానే. కాలేయం పరీక్షలు నెలనెలా పైకి పోతున్నాయి. మందు మోతాదు తగ్గించాం, తర్వాత ఒక విడత వాయిదా వేశాం. ప్రతిసారీ ఫారంలో "ఇతర మందులు ఏమైనా వాడుతున్నారా" అన్న గడి దగ్గర "లేదు" అని టిక్కు ఉంది. ఒకరోజు ఆయన భార్య కళ్లజోడు కోసం చేతిసంచీ నా బల్ల మీద బోర్లించింది. కళ్లజోడుతో పాటు ఆకుపచ్చ మూత డబ్బా ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. "ఇదేంటమ్మా" అంటే, "ఇది మందు కాదండీ, ఒంటికి బలం" అంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు, మేం అడిగిన ప్రశ్నే తప్పు. డబ్బా మానేశాక కొన్ని వారాల్లో అంకెలు కిందికి దిగాయి. అప్పటినుంచి నేను మందుల గురించి అడగను, "నోట్లో వేసుకునేవన్నీ ఈ బల్ల మీద పెట్టండి" అంటాను. ఏమేం బయటికొస్తాయో చెబితే నమ్మరు.

మీ ఆడపడుచుతో గొడవ పెట్టుకోకండి. ఆవిడకి నాన్న మీద ప్రేమ, ఆ ఆశకి ఆధారం కూడా బొత్తిగా లేకపోలేదు. అమెరికాలోని మయో క్లినిక్ ఆసుపత్రిలో దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియా (నెమ్మదిగా పెరిగే రకం) రోగులు 42 మందికి గ్రీన్ టీ సారం పెద్ద మోతాదులో ఇచ్చి చూస్తే, 2013లో వచ్చిన ఫలితాల్లో సుమారు మూడోవంతు మందికి రక్తంలో లింఫోసైట్ కణాల లెక్క 20 శాతమైనా తగ్గింది. కానీ వాళ్లు అప్పటికి వేరే చికిత్స అవసరం లేని, జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లు, ప్రతి నెలా పరీక్షలతో డాక్టర్ల కళ్ల ముందున్నవాళ్లు. జబ్బు పోయిందని అక్కడ ఎవరూ అనలేదు. అది వేరే జబ్బు, పైగా వాళ్లకి బోర్టెజోమిబ్ నడవడం లేదు. ఈ తేడా ఆవిడకి నెమ్మదిగా చెబితే అర్థం చేసుకుంటుంది. తండ్రి కోసం ఏదైనా చేయాలనుంటే, ప్రతి విడతకీ ఆయన తిన్నది, వేసుకున్నది ఒక నోటు పుస్తకంలో రాసి తెమ్మనండి. నాకైతే ఏ క్యాప్సూల్ కన్నా ఆ పుస్తకమే ఎక్కువ పనికొస్తుంది.

మొక్కల తిండి రక్త క్యాన్సర్ రాకుండా ఆపుతుందా అని కూడా ఒక వాక్యం రాశారు. ఫ్లేవనాయిడ్లు ఎక్కువ తినేవాళ్లలో నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా అనే రకం రక్త క్యాన్సర్ కొంత తక్కువని 2008లో అమెరికాలో ఒక అధ్యయనం చూపించింది. కూరలు ఎక్కువ తినేవాళ్లు పొగ తక్కువ తాగుతారు, బరువు అదుపులో పెట్టుకుంటారు కాబట్టి, ఆ మేలంతా ఫ్లేవనాయిడ్ల ఖాతాలో వేయలేం. రక్త క్యాన్సర్లకి గట్టిగా రుజువైన కారణాలు వేరే ఉన్నాయి: బెంజీన్, రేడియేషన్, కొన్ని కీమో మందులు, మైలాయిడ్ ల్యుకేమియాకి పొగతాగడం, మైలోమాకి అధిక బరువు. కూరలు తినడానికి గుండె, పేగులు, షుగరు చాలు కారణాలుగా. ల్యుకేమియాని కూడా ఈడ్చుకురానక్కర్లేదు.

ఇక మీ బిడ్డ. పసిపిల్లల ల్యుకేమియా చాలా అరుదు. అమెరికా లెక్కల్లో ఏడాది లోపు పిల్లలు పది లక్షల మందిలో సుమారు 40 మందికి వస్తుంది. వంశంలో నడిచే జబ్బు కాదు. మీ తోడికోడలి పాపకి వచ్చినంత మాత్రాన మీ బిడ్డకి ముప్పు పెరగదు.

మీ తోడికోడలు ఏం తిన్నదో మీరు మనసులో లెక్కపెడుతున్నారని మీ ప్రశ్న చదివితే తెలిసిపోతోంది. తను కూడా లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది, రాత్రిళ్లు, పాప మంచం పక్కన కూర్చుని. వార్డులో ప్రతి తల్లీ నన్ను ఎప్పుడో ఒకప్పుడు, ఎవరూ లేనప్పుడు చూసి, "నేను తిన్నదానివల్లేనా అక్కా" అని అడుగుతుంది. నేను కాదనే చెబుతాను, ఊరడించడానికి కాదు, పైన రాసిన 240 మంది తల్లుల లెక్క చూసి. ఆ మాట మీరు తనకి మీ నోటితో చెప్పండి. మీరు చదివిన ఆ వార్త లింకు మాత్రం తనకి పంపకండి.

మామగారి తర్వాతి ఇంజెక్షన్ ఎప్పుడో రాయలేదు. ఈలోపే రెండు డబ్బాలకీ ముందు వెనక ఫొటోలు తీసి ఆయన డాక్టరుకి పంపండి. ఎప్పటినుంచి వేసుకుంటున్నారో, రోజుకి ఎన్నో కూడా రాయండి. కాలేయం పరీక్ష ఈమధ్య చేయించకపోతే అదీ అడగండి. మీరేమో రేపు చెకప్‌కి వెళ్లినప్పుడు, నెల రోజులుగా ఏమేం మానేశారో దాచకుండా చెప్పండి. హిమోగ్లోబిన్ చూస్తారు.